ఎవరి జోలికీ పోని చక్రవర్తి

‘ఐ, క్లాడియస్’ చూసినవాళ్లు ఇద్దరు కలిస్తే ముందు లివియా గురించి మాట్లాడుకుంటారు. తర్వాత అగస్టస్ తిన్న విషపు అంజూర పళ్ల గురించి, ఆ తర్వాత కాలిగ్యులా గురించి. ఇది ప్రాచీన రోము రాజకుటుంబం మీద 1976లో బీబీసీలో వచ్చిన ధారావాహిక. మొదటి చక్రవర్తి అగస్టస్, అతని భార్య లివియా, తర్వాత టైబీరియస్, కాలిగ్యులా, చివరికి లివియా మనవడు క్లాడియస్. అప్పటికి పుట్టనివాళ్లు కూడా ఇవాళ చూసి ఇదే వరసలో మాట్లాడుతున్నారు. క్లాడియస్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎవరికీ పెద్దగా చెప్పడానికేమీ ఉండదు. పాపం మంచివాడు, రాక్షసుల మధ్య పడ్డాడు, తెలివిగా బతికి బయటపడ్డాడు అంటారు. అంతటితో ఆయన ఫైలు మూసేస్తారు.

నాకు ఆ ఫైలు మళ్లీ తెరవాలని ఉంది. లివియా మీద పెట్టిన శ్రద్ధలో సగమైనా క్లాడియస్ మీద పెట్టి చూస్తే ఈ నాటకం ఇంకా పెద్దదిగా కనిపిస్తుంది, ఇంకా భయపెడుతుంది. ఇందులో నన్ను అందరికన్నా ఎక్కువ కలవరపెట్టే మనిషి ఆయనే.

ఈ ఆలోచనకు మొదలు మా అక్క. ఒక ప్రభుత్వ కార్యాలయంలో చాలా ఏళ్లు పనిచేసి రిటైరైంది. పోయిన వేసవిలో మా ఇంటికి వచ్చినప్పుడు ఇద్దరం కలిసి రోజుకో భాగం చూశాం. లివియాను చూసి అక్క మురిసిపోనూ లేదు, జడుసుకోనూ లేదు. అలాంటి ఆడవాళ్లను చాలామందిని చూసినట్టే చూసింది. టైబీరియస్‌కు కుడిభుజంగా ఉన్న సెజానస్ పతనమయ్యాక అతని పిల్లల్ని చంపడానికి సైనికులొచ్చే ఘట్టం ఉంది. ఆడపిల్ల ఇంకా కన్య, కన్యకు మరణశిక్ష వేసిన ఆనవాయితీ రోములో లేదు. ఆ చిక్కు తీరడానికి ఆ పిల్లను ఏం చేశారో చూసినవాళ్లకు తెలుసు. అది రచయిత ఊహించి రాసింది కాదు, ఆ కాలంవాళ్లు చెప్పుకున్నారని రోమన్ చరిత్రకారుడు టాసిటస్ రాసిపెట్టిన సంగతే. అక్క టీవీ ఆపించింది. కాసేపాగి అడిగింది: “ఇంత జరుగుతుంటే ఈయన ఎక్కడున్నాడ్రా?”

నేను సర్దిచెప్పబోయాను. అతనేం చేయగలడక్కా, కాలు అవిటి, మాట నత్తి, ఇంట్లో ఎవరూ లెక్కచేయరు అన్నాను.

“మా ఆఫీసులోనూ ఉండేవాడు ఒకాయన,” అంది. “అన్నీ తెలుసు. ఏ కాగితం ఎందుకు ఆగిందో, ఎవరి చేతిలో ఎంత పడిందో మొత్తం తెలుసు. రిటైరయ్యాక కూచోబెట్టి చెప్పేవాడు. అందరూ ఏమనేవాళ్లో తెలుసా? దేవుడులాంటి మనిషి, ఎవరి జోలికీ పోడు అనేవాళ్లు.”

ఆ మాట విన్నాక నేను ఈ నాటకాన్ని మొదటి నుంచి మళ్లీ చూశాను.

మనల్ని పక్కన కూర్చోబెట్టుకుంటాడు

క్లాడియస్‌ను అంత సులువుగా ఎందుకు క్షమిస్తామో ముందు చూడాలి. అది నాటకం కట్టుబడిలోనే ఉంది. ముసలి చక్రవర్తి రాత్రిపూట ఒంటరిగా కూర్చుని రాసుకుంటూ ఉంటాడు. తలెత్తి మనతో మాట్లాడతాడు. ఆ గదిలో ఆయనకు తోడు మనమే. క్లాడియస్ వేషం కట్టిన డెరెక్ జాకోబీ ఆ ముసలి ముఖంతో మన వైపు చూసిన క్షణం నుంచి మనం ఆయన మనుషులమైపోతాం. తర్వాత తెరమీద ఎవరు ఎవరిని చంపినా ఆయన భుజం పక్క నుంచే చూస్తాం.

ఇంకో సంగతి. ఈ నాటకం మొత్తం స్టూడియోలోనే తీశారు, వీడియో టేపు మీద. ఆకాశం కనబడదు, సైన్యం కనబడదు, రోము వీధి కనబడదు. ఈ కాలం కుర్రాళ్లు చూడగానే అనే మాట కూడా అదే: స్టేజి నాటకంలా ఉంది, గోడలు అట్టలా ఉన్నాయి అని. మా ఇంట్లో పిల్లలూ అదే అన్నారు. దాని మీద వాదన పెట్టుకోను. రెండు భాగాలు ఓపిక పడితే గోడలు కనబడడం మానేస్తాయి, ముఖాలే కనబడతాయి. దర్శకుడు హెర్బర్ట్ వైజ్ నమ్ముకున్నదీ ముఖాలనే. అగస్టస్ చనిపోయే ఘట్టంలో కెమెరా ఆ పాత్ర వేసిన బ్రయాన్ బ్లెస్‌డ్ ముఖం మీదే నిలబడిపోతుంది. లివియా పక్కనుంచి మాట్లాడుతూనే ఉంటుంది, మనకు ఆమె కనబడదు. ఆ ముఖం కదలదు, కళ్లు తెరిచే ఉంటాయి. ప్రాణం ఏ క్షణాన పోయిందో మనం పట్టుకోలేం, పోయిందని మాత్రం తెలుస్తుంది. కోట్లు పోసి తీసిన యుద్ధాల్లో నాకు ఇంత నిక్కచ్చిగా చావు కనబడలేదు.

ఆ పద్ధతికి మాత్రం ఒక మూల్యం ఉంది. గ్లాడియేటర్ల పోటీలు జరుగుతుంటాయి, మనకు అరుపులే వినబడతాయి. రాజకుటుంబం కూర్చున్న చోటు నుంచి వాళ్ల ముఖాలే చూస్తాం. అంతకుముందు లివియా గ్లాడియేటర్లను నిలబెట్టి, ప్రాణాలు దక్కించుకోడానికి ఈమధ్య దొంగాటలాడుతున్నారు, నా డబ్బుకు తగ్గ ఆట కావాలి అని గదమాయిస్తుంది. ఆ ఘట్టానికి నవ్వని ప్రేక్షకుడు ఉండడు. కానీ ఆ మనుషులు చచ్చిపోవడం మనకు చూపించరు. రోము జనం ఈ నాటకంలో ఒక చప్పుడు మాత్రమే. దాంతో ఎవరు మంచి, ఎవరు చెడు అన్న లెక్క ఆ ఇంటి గోడల మధ్యే తేలిపోతుంది. తన వాళ్లను చంపినవాడు చెడ్డవాడు, చంపనివాడు మంచివాడు. ఆ కొలతబద్దతో కొలిస్తే క్లాడియస్ కన్నా మంచివాడు ఇంకెవడుంటాడు?

లివియా మీద పడిన నింద

చరిత్ర చదివిన ప్రేక్షకులు ఏళ్లుగా చేసే ఫిర్యాదు ఒకటుంది. వరసగా విషం పెట్టి చంపే హంతకిగా చూపించి లివియాకు ఘోరమైన అన్యాయం చేశారని. ఆ ఫిర్యాదు నిజమే. అగస్టస్ క్రీ.శ. 14 ఆగస్టు 19న నోలాలో పోయాడు. డెబ్బై ఆరు నిండడానికి నెల రోజులు తక్కువ. ఆ వయసులో మనిషి పోవడానికి విషం అక్కర్లేదు. భార్య చేసిన పనేనని కొందరు అనుకున్నట్టు టాసిటస్ ఒక మాట విసిరి వదిలేస్తాడు. చెట్టుమీది అంజూర పళ్లకే విషం పూసిందన్న కథ ఇంకా తర్వాతి కాలపు చరిత్రకారుడు కాసియస్ డియో దగ్గర కనబడుతుంది. చక్రవర్తుల జీవితచరిత్రలు రాసిన స్యూటోనియస్ చెప్పే కథలో అగస్టస్ లివియా చేతుల్లో, మన కాపురాన్ని మరిచిపోకు అని ఆమెకు చెప్పి కన్నుమూశాడు. అగస్టస్ వారసులవుతారనుకున్న మార్సెల్లస్, లూషియస్, గాయస్ ఒకరు ఇటలీలో, ఒకరు మార్సే దగ్గర, ఒకరు ఇప్పటి టర్కీ తీరంలో పోయారు. జ్వరాలూ గాయాలూ మనుషుల్ని ఊడ్చుకుపోయే కాలం అది. అన్ని చావులనూ ఒకే మనిషి ఖాతాలో రాయడం కథకు సుఖం, అంతే.

ఆ కాలంలో లివియా జనానికి ఎలా కనబడిందో చెప్పే వస్తువు మన నేలలోనే దొరికింది. దక్షిణ భారతంలో బయటపడిన రోమన్ వెండి నాణేల్లో అగస్టస్, టైబీరియస్ కాలాలవే ఎక్కువ. నల్గొండ జిల్లా అక్కనపల్లిలోనూ అవి దొరికాయి. టైబీరియస్ నాణెం మీద ఒకవైపు అతని తల, రెండోవైపు చేతిలో కొమ్మ పట్టుకుని కూర్చున్న స్త్రీ. ఆమె లివియాయేనని చాలామంది నాణేల పండితులు అంటారు. మన దగ్గర మిరియాలకూ ముత్యాలకూ బదులుగా వచ్చిన వెండి అది. దాన్ని చేత్తో పట్టుకున్న మన వర్తకుడు చూసింది శాంతంగా కూర్చున్న ఒక రాజమాతను.

ఇవన్నీ ఒప్పుకుంటూనే, షాన్ ఫిలిప్స్ లివియాను నేను వదులుకోను. మొదట్లో ఆమె పాత్రకు ఏదో సానుభూతి వెతికి ఆడబోతే, వద్దు, దుర్మార్గాన్ని దుర్మార్గంగానే ఆడు, ఎంత దుర్మార్గంగా ఉంటే అంత నవ్వొస్తుంది, అంత భయమూ వేస్తుంది అని దర్శకుడు చెప్పాడట. ఆ సలహా ఎంత సరైందో ఆమె ప్రతి చూపులోనూ తెలుస్తుంది. ఆమెకూ జాకోబీకీ బ్రిటిష్ అకాడమీ అవార్డులొచ్చాయి. రావాల్సినవే.

నా అభ్యంతరం వేరే చోట ఉంది. లివియాకు అన్యాయం జరిగిందనేవాళ్లు ఇంకో అడుగు వేయాలి. ఈ నింద వేస్తున్నది ఎవరు? కథ చెబుతున్నది ఎవరు? రాబర్ట్ గ్రేవ్స్ 1934లో రాసిన నవలను క్లాడియస్ ఆత్మకథగానే కట్టాడు, జాక్ పుల్‌మన్ దాన్ని టీవీకి అలాగే తెచ్చాడు. ఇక్కడ క్లాడియస్ అంటే నిజం దాచని చరిత్రకారుడు. అసలు క్లాడియస్ నిజంగానే చరిత్రలు రాశాడు, ఎనిమిది భాగాల ఆత్మకథ కూడా రాశాడు, ఒక్కటీ మిగల్లేదు. వాటి గురించి స్యూటోనియస్ చెప్పిన ఒక సంగతి నన్ను పట్టుకుని వదలదు. సీజర్ హత్య నుంచి మొదలుపెట్టి రాయబోతే తల్లీ నాయనమ్మా అడ్డుపడ్డారు. ఆ రోజుల గురించి ఉన్నదున్నట్టు రాయడం కుదరదని అర్థమై, అంతర్యుద్ధం ముగిసిన కాలానికి దూకేశాడు. మొదటి కాలం మీద రెండు పుస్తకాలు, శాంతి వచ్చాక కాలం మీద నలభై ఒకటి.

రెండూ, నలభై ఒకటీ. ఒక మనిషి ఎంతవరకు నోరు విప్పుతాడో, ఎక్కడ మూసుకుంటాడో ఆ అంకెలే చెబుతున్నాయి. నేను దాన్ని పిరికితనం అనడం లేదు. ఆ ఇంట్లో ఆ నాయనమ్మ ఎదురుగా కూర్చుని నేనూ అదే చేసేవాణ్ణేమో. కానీ నాటకం చూసి, ఈయన ఒక్కడే నిజం చెప్పాడు అని కళ్లు తుడుచుకునే ప్రేక్షకుడికి ఈ సంగతి తెలిసి ఉండాలి.

రెండు గుమ్మాలు

లివియా ముసలితనంలో క్లాడియస్‌ను భోజనానికి పిలిచే ఘట్టం అందరికీ ఇష్టం. తాను చేసిన పాపాలకు నరకం తప్పదని ఆమెకు భయం. తనను దేవతగా ప్రకటిస్తే అది తప్పుతుంది. ఆ మాట ఇస్తావా అని అడుగుతుంది. ఇస్తాను, కానీ నాకు నిజం చెప్పాలి, ఎవరిని ఎవరు చంపారో చరిత్రకారుడిగా నాకు తెలియాలి అంటాడు. ఆమె చెప్పుకుంటూ పోతుంది, దాచుకోదు. మొదటిసారి చూసినప్పుడు నేనూ ఆమెనే చూశాను. ఈసారి అతన్ని చూశాను. తన కుటుంబంలో ఒక్కొక్కరూ ఎలా పోయారో వింటున్నప్పుడు ఆ ముఖంలో దుఃఖం ఉంది, దానికన్నా ఎక్కువగా ఆత్రం ఉంది. ఏళ్ల తరబడి తెలుసుకోవాలనుకున్నది దొరుకుతున్న మనిషి ఆత్రం. జాకోబీ దాన్ని దాచలేదు. సోఫాలో కూర్చుని ఆ హత్యల జాబితా చెవులప్పగించి వింటున్న మన ముఖం కూడా అప్పుడు అలాగే ఉంటుంది. అందుకే మనకది కనబడదు.

మాట నిలబెట్టుకున్నాడు కూడా. చరిత్రలోని క్లాడియస్ క్రీ.శ. 42లో లివియాను దేవతను చేశాడు. నాటకం దాన్ని ముసలమ్మకిచ్చిన మాటగా చూపిస్తుంది. అసలు లెక్క వేరు. అగస్టస్‌కు అతను దత్తత వారసుడు కాడు, సొంత మనవడూ కాడు. లివియా మనవడు. నాయనమ్మ దేవత అయితే మనవడి గద్దె గట్టిపడుతుంది.

దీని పక్కన క్లాడియస్ తల్లి ఆంటోనియా ఘట్టాన్ని పెట్టి చూడండి. కూతురు లివిల్లా సెజానస్‌తో కలిసి భర్తను చంపిందని తేలాక, ఆ తల్లి కూతుర్ని గదిలో పెట్టి తలుపు మూసేస్తుంది. తిండి లేదు. లోపల కూతురు అరుస్తూ ఉంటుంది, తల్లి గుమ్మం బయట కూర్చునే ఉంటుంది. క్లాడియస్ వచ్చి ఆమెను చావడానికి ఎలా వదిలేశావు అంటాడు. అది దానికి శిక్ష అంటుంది. మరి నువ్వు ఇక్కడ కూర్చుని ఎలా వింటున్నావు అంటాడు. ఇది నాకు శిక్ష అంటుంది. లివిల్లాను తల్లే ఆకలితో మాడ్చి చంపిందని తాను విన్నట్టు కాసియస్ డియో రాశాడు. గుమ్మం దగ్గరి ఈ రెండు మాటలు మాత్రం నాటకానివి. ఆంటోనియాగా చేసిన మార్గరెట్ టైజాక్ గొంతు ఒక్కసారి కూడా పెంచదు.

ఆంటోనియా చేసింది నేను సమర్థించను, ఎవరూ సమర్థించలేరు. కానీ ఆమె లేచిపోలేదు. తాను చేసినదాని పక్కనే కూర్చుంది. ప్రశ్న అడిగి వెళ్లిపోయింది క్లాడియస్. మనం అతనితోపాటు లేచిపోతాం, ఆమెను కఠినురాలని తిట్టుకుంటాం.

ఇంకో గుమ్మం కూడా ఉంది. కాలిగ్యులా తన చెల్లెలు డ్రుసిల్లాను చంపిన ఘోరం తర్వాత క్లాడియస్ ఆ గది తలుపు తెరుస్తాడు. మొదటి ప్రసారం తర్వాత ఆ ఘట్టం చివర కత్తిరించారు, అప్పట్లో ఏం చూపించారో అని ఇప్పటికీ చర్చ నడుస్తుంది. ఇప్పుడు మనకు దొరికే ప్రతిలో క్లాడియస్ ముఖమే మిగిలింది, అదే చాలు. అంతటి దృశ్యం చూసిన మనిషి తర్వాతి భాగంలో అదే కాలిగ్యులా దేవత వేషం కట్టి చేసిన నాట్యాన్ని పొగడుతూ కనబడతాడు. ప్రాణం దక్కించుకోడానికే, పక్కనున్నవాళ్ల ప్రాణాలు కూడా నిలబెట్టడానికే. నాకది తెలుసు. ఆ పొగడ్త పద్ధతిగా, అందంగా ఉండడమే నన్ను ఇబ్బంది పెడుతుంది.

నత్తి సంగతి

ఈ వాదన ఒక స్నేహితుడితో అంటే చాలా కోపం తెచ్చుకున్నాడు. చిన్నప్పటి నుంచి నత్తి ఉన్నవాడు. క్లాసులో హాజరు పలకడానికే చెమటలు పట్టిన రోజులు అతనివి. మన సినిమాల్లో నత్తి ఉన్న మనిషి ఎప్పుడూ నవ్వించడానికే వస్తాడు. ఒక నత్తివాడు నాయకుడిగా ఉండి, అతని తెలివిని చూసి మనం గౌరవించిన కథ నాకు ఇదొక్కటే, దాన్ని కూడా బోనెక్కిస్తావా అన్నాడు. “నోరు విప్పితే నవ్వే ఇంట్లో వాడు నోరు మూసుకుంటే, అది వాడి తప్పెలా అవుతుందిరా?”

నా దగ్గర దీనికి పూర్తి జవాబు లేదు. క్లాడియస్‌ను కన్నతల్లే ప్రకృతి మొదలుపెట్టి పూర్తిచేయకుండా వదిలేసిన మనిషి అనేదట. నాయనమ్మ ముఖాముఖి మాట్లాడకుండా చీటీలు రాసి మందలించేది. ఆటలప్పుడు వీణ్ణి జనం మధ్య కూర్చోనివ్వాలా, చూసి నవ్వుతారేమో అని అగస్టస్ లివియాకు రాసిన ఉత్తరాలు స్యూటోనియస్ పుణ్యమా అని మనదాకా వచ్చాయి. మామూలుగా ఇంత తడబడే కుర్రాడు సభలో అంత స్పష్టంగా ఎలా మాట్లాడాడు అని అదే అగస్టస్ ఇంకో ఉత్తరంలో ఆశ్చర్యపోతాడు. ఇవి చదివితే ఆ కుర్రాడి మీద జాలి కలగనివాడు మనిషి కాడు.

పైగా నాటకంలో అతను నోరు విప్పిన సందర్భం ఒకటుంది. లివియా చేసిన హత్యల గురించి అగస్టస్ మనవడు పోస్టుమస్ ప్రవాసానికి వెళ్లే ముందు అతనికి చెబుతాడు. అతను అన్న జర్మానికస్‌కు చెబుతాడు, అన్న అగస్టస్‌కు చెబుతాడు. ముసలాయన కళ్లు తెరుచుకుని మనవణ్ణి చూడడానికి ద్వీపానికి వెళతాడు. దాని ఫలితం అంజూర పళ్లు, ఆ వెంటనే పోస్టుమస్ హత్య. ఒక్కసారి నిజం చెబితే ఇద్దరు పోయారు. ఆ తర్వాత మళ్లీ నోరు విప్పమని ఏ ముఖం పెట్టుకుని అడుగుతాం? లైబ్రరీలో ముసలి చరిత్రకారుడు పోలియో చిన్నప్పుడే ఇచ్చిన సలహా, కాలు ఇంకొంచెం ఈడ్చు, మాట ఇంకొంచెం తడబడనీ అన్న సలహా, ఇక అతనికి మిగిలిన ఒకే దారి.

కాబట్టి గద్దె ఎక్కేదాకా అతని మౌనాన్ని నేను తప్పుపట్టను. నా స్నేహితుడికి అంతవరకు ఒప్పుకున్నాను. అసలు పేచీ ఆ తర్వాతే.

తెర వెనక నుంచి గద్దె మీదికి

క్రీ.శ. 41 జనవరి 24న కాలిగ్యులాను చంపాక, తెర వెనక దాక్కున్న క్లాడియస్‌ను ఒక సైనికుడు బయటికి లాగి చక్రవర్తిని చేసిన కథ అందరికీ ఇష్టం. ప్రేక్షకుడు చప్పట్లు కొట్టే చోటు అది. అప్పటి నుంచి పదమూడేళ్లు అధికారం అతని చేతిలో ఉంది. ఇక దాక్కోవాల్సిన పని లేదు.

అతను చేసిన మంచి పనులు చాలానే ఉన్నాయి, నాటకం వాటిని బాగా తక్కువ చూపించింది. ఒస్టియా దగ్గర రేవు కట్టించాడు. కాలిగ్యులా మొదలుపెట్టి వదిలేసిన కాలువను పూర్తిచేసి రోముకు నీళ్లు తెచ్చాడు. జబ్బుపడ్డ బానిసలను యజమానులు వదిలేస్తే, కోలుకున్నాక వాళ్లు స్వతంత్రులేనని శాసనం చేశాడు. గాల్ (ఇప్పటి ఫ్రాన్స్) పెద్దలకు సెనేట్‌లో చోటివ్వాలని 48లో వాదించాడు, ఆ ఉపన్యాసం చెక్కిన కంచు ఫలకం లియోన్‌లో ఇవాళ్టికీ ఉంది. ఆ ఊళ్లోనే అతను పుట్టాడు.

అదే చేతులమీదుగా ముప్ఫై అయిదుమంది సెనేటర్లకూ, వాళ్ల తర్వాతి సంపన్న వర్గమైన అశ్వికుల్లో మూడొందల మందికి పైగానూ మరణశిక్ష పడిందని స్యూటోనియస్ లెక్క రాశాడు. నాటకం ఆ మందలోంచి ఒక్కణ్ణి మన ముందుకు తెస్తుంది: అపియస్ సిలానస్. క్లాడియస్ భార్య మెసలీనా ఏం చేస్తోందో సిలానస్ అతని ముఖం మీదే చెబుతాడు. క్లాడియస్ భార్య కన్నీళ్లను నమ్మి అతన్ని చావుకు పంపుతాడు. ఆ ఘట్టం చూసినవాళ్లు మెసలీనా నంగనాచితనం గురించే మాట్లాడతారు. షీలా వైట్ చాలా బాగా చేసింది, నిజమే. కానీ సంతకం ఎవరిది? చిన్నప్పటి నుంచి విషమూ కుట్రా తప్ప ఇంకేమీ చూడని మనిషి, లివియా పన్నాగాల లోతు తెలిసిన మనిషి, సొంత ఇంట్లో ఇంత గుడ్డివాడెలా అవుతాడు? ప్రేమ అంటారు. నాకు అది చాలదు. చూడకుండా ఉండడం అతనికి అలవాటైపోయింది. బతకడానికి నేర్చుకున్న విద్య, అవసరం తీరాక కూడా వదల్లేదు.

ఈ విషయంలో ఆనాటి రోమన్లు మనంత మెతకగా లేరు. కాలిగ్యులా కాలంలో నేను కావాలనే మూర్ఖుడిలా నటించాను అని క్లాడియస్ ఉపన్యాసాల్లో చెప్పుకుంటే ఎవరూ నమ్మలేదు. కొద్దిరోజుల్లోనే మూర్ఖుల మీద ఒక పుస్తకం బయటికొచ్చింది. మూర్ఖత్వాన్ని ఎవడూ నటించలేడన్నది దాని సారాంశం. అతను పోయాక తత్వవేత్త సెనెకా రాసిన వెక్కిరింతలో దేవతల సభ జరుగుతుంది. అక్కడ అగస్టస్ లేచి అడుగుతాడు: వాదన వినకుండానే ఇంతమందిని ఎందుకు చంపావు? సెనెకాకు పగ ఉంది. క్లాడియస్ అతన్ని ఎనిమిదేళ్లు కోర్సికాలో పడేశాడు. కొత్త చక్రవర్తి నీరో మెప్పు కూడా కావాలి. అవన్నీ తీసేసినా ఆ ప్రశ్న నిలబడుతుంది. అగస్టస్ నోట అది పెట్టడం సెనెకా చేసిన తెలివైన పని.

చివరి భాగం ఇంకా కష్టమైనది. రాజరికం కుళ్లి, దానంతటదే జనానికి రోత పుట్టేదాకా పోనివ్వాలి, బురదలో దాగిన విషాలన్నీ పైకి రానివ్వాలి అని క్లాడియస్ నిర్ణయించుకుంటాడు. అందుకే దత్తపుత్రుడు నీరోకు దారి వదులుతాడు. గణతంత్రం తిరిగొస్తుందని ఆశ. చాలామంది ప్రేక్షకులు దీన్ని జ్ఞానిలా అన్నీ వదిలేయడం అనుకుంటారు. నేనూ ఒకప్పుడు ఆ ముసలి ముఖం చూసి కరిగిపోయినవాణ్ణే. కానీ కొడుకు బ్రిటానికస్‌ను కూర్చోబెట్టి ఇదంతా చెప్పే ఘట్టం మళ్లీ చూడండి. నువ్వు బ్రిటన్‌లో ఒక రాణి దగ్గర దాక్కో, సమయం వచ్చాక తిరిగిరా అంటాడు తండ్రి. కొడుకు ఒప్పుకోడు. నాకు గణతంత్రం మీద నమ్మకం లేదు, దాక్కోవడం ఇష్టం లేదు, నా హక్కు నాకు కావాలి అంటాడు. తండ్రి దిగులుగా చూసి ఊరుకుంటాడు. జీవితమంతా దాక్కుని బతికినవాడికి కొడుక్కి ఇవ్వడానికి దాక్కునే చోటు తప్ప ఇంకేమీ లేదు. గద్దె మీద కూర్చుని, సైన్యం చేతిలో ఉండి కూడా.

కోట్లమంది మీదికి విషాలను వదిలేయడానికి ఒక్క మనిషికి హక్కెవరిచ్చారన్న ప్రశ్న నాటకంలో ఎవరూ అడగరు. అడగాల్సిన జనం తెరమీద లేరు కదా, చప్పుడుగానే ఉన్నారు. ఆ విషం ముందుగా తాకింది సొంత బిడ్డలనే. బ్రిటానికస్ తండ్రి పోయిన నాలుగు నెలలకు, పద్నాలుగు నిండకముందే, నీరో పెట్టిన విందులో కుప్పకూలిపోయాడు. కూతురు ఒక్టేవియాను నీరోకే ఇచ్చి పెళ్లి చేశాడు క్లాడియస్. 62లో నీరో ఆమెను వదిలేసి, పాండటేరియా ద్వీపానికి పంపి, అక్కడ నరాలు కోయించి చంపించాడు. అగస్టస్ తన కూతురు జూలియాను పంపిన ద్వీపం కూడా అదే. ఒక్టేవియాకు ఇరవై ఏళ్లు దాటి ఎంతో కాలం కాలేదు. ఆ ద్వీపం ఘట్టం నాటకంలో లేదు, కథ క్లాడియస్ చావుతో ఆగిపోతుంది. లివియా ఎంతమందిని చంపిందో వేళ్ల మీద లెక్కపెట్టే ప్రేక్షకులు ఆ లెక్కలో ఈ ఇద్దరినీ కలపరు. నేను కలుపుతాను, క్లాడియస్ పేరు కిందే.